నలభై ఒక్క గొట్టాలు

వంశదర్శిని ఆ ఉదయం కూడా కాఫీ ఇవ్వనంది. జశ్వంత్ గారు దాని మూతిలోకి మూడుసార్లు ఊదారు. మూడుసార్లూ అదే జవాబు: "మీ వంశం వారికి ఎనభై దాటాక కాఫీ పనికిరాదు. బార్లీ నీళ్ళు కాస్తున్నాను."

ఆయనకు ఎనభై అయిదు. వాళ్ళ నాన్న తొంభై రెండేళ్ళు బతికి, పోయిన రోజు పొద్దున కూడా రెండు గ్లాసుల కాఫీ తాగి పోయాడు. ఆ సంగతి యంత్రానికి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. వంశదర్శిని మనిషిని చదవదు. ఊపిరిలో నాలుగు గుర్తులు పట్టి, దేశంలోని అయిదువందల పన్నెండు వంశాల్లో ఈ మనిషిది ఏ వంశమో తేలుస్తుంది. ఆ వంశం పేరు కింద దేశపు జన్యు మూలపటంలో ఏం రాసి ఉంటే అది చెబుతుంది. మనిషిని మనిషిగా విడివిడిగా చదివే యంత్రాలు డబ్బున్న దేశాల్లో ఉన్నాయి. మన దేశం ఉన్నంతలో సర్దుకుంది. ఏ మందు ఎంత మోతాదు, ఎవరు ఏ పనికి పనికొస్తారు, ఎవరు పిల్లల్ని కనవచ్చు, అన్నీ ఆ పటమే చెబుతోంది. కులం పోయిందని సంబరపడ్డ జనం వంశాన్ని తెచ్చి వంటింట్లో పెట్టుకున్నారు.

ఆ పటం చేసిన చేతుల్లో జశ్వంత్ గారి చేతులూ ఉన్నాయి. అందుకే విశాఖలోని విశ్రాంత శాస్త్రజ్ఞుల నివాసంలో ఆయనకు సముద్రం కనబడే గది ఇచ్చారు. పండగలకు శాలువాలు కప్పారు.

కప్పిన ప్రతి శాలువా ఆయనకు ముళ్ళకంపలా గుచ్చుకునేది. పటంలో ఒక వంశం అబద్ధం. ఆ అబద్ధం ఆయన చేసిందే. అది తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోగా, భూమ్మీద ఇక తనొక్కడే మిగిలానని ఆయన నమ్మకం. జన్యు పరిశోధన మొదలై నూరేళ్ళు నిండుతున్నాయని ప్రభుత్వం చరిత్ర గ్రంథం రాయిస్తోంది. ఆయన మాటలు రాసుకోవడానికి ఈరోజు మనిషి వస్తోంది. చెప్పేయాలి. చెప్పకుండా పోతే తన గురించి అచ్చయ్యే పొగడ్తే తన తద్దినమవుతుందని ఆయనకు రాత్రంతా నిద్ర లేదు.

పదిన్నరకు తలుపు తట్టారు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ అమ్మాయి. నీలం చీర, భుజాన సంచి. వెనక అరవై దాటిన ఒక ఆవిడ, నూలు చీర కొంగు తలమీదుగా కప్పుకుని నిలబడింది.

"నమస్కారమండీ. చరిత్ర విభాగం నుంచి వచ్చాను. నా పేరు సింధూర. ఈవిడ మా అమ్మ, నూకరత్నం. నాతో వస్తానని పట్టుబట్టింది. ఇబ్బంది పెట్టదు, బయట కూర్చుంటుంది."

"బయటెందుకమ్మా, లోపలికి రండి."

"ఫర్లేదు బాబూ, గాలొస్తాది," అంటూ ఆవిడ గుమ్మం పక్కన వరండా బల్లమీద కూర్చుంది. కూర్చునే ముందు ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసింది.

సింధూర ఆయన చొక్కా కాలరుకు శ్రుతలేఖిని తగిలించింది. కందిగింజంత ఉంటుంది ఆ పరికరం. విన్నది విన్నట్టు రాసుకుంటుంది, అన్న మనిషి ఒప్పుకుంటే తప్ప ఒక్క అక్షరం చెరపదు.

"మొదటి నుంచి చెప్పండి. మీరు చేరేనాటికి ఎలా ఉండేది?"

మొదటి సంగతులు చెప్పడం ఆయనకు నల్లేరు మీద బండి నడక. తమకు ముందు తరంలో కొండల్లోనూ తీరంలోనూ మన జనం రక్తం పెట్టెల్లో పెట్టి విదేశాలకు పంపేవారు. ఆ రక్తం మీద పెద్ద పెద్ద వ్యాసాలు అచ్చయ్యేవి, అందులో మనవాళ్ళ పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. దాన్నుంచి తయారైన మందు మళ్ళీ మనకే అమ్మేవారు. అది చూసి కడుపు మండిన మనిషి డాక్టర్ వకుళ గారు. మన పటం మనమే గీసుకుందామన్నారు.

"పాలు చల్లబరిచే పాత కేంద్రం ఒకటి మూతపడి ఉంటే అదే మా ప్రయోగశాల. రోజుకు ఆరుగంటలు కరెంటు లేదు. రక్తం గొట్టాలు పాడవకుండా చేపలరేవు నుంచి ఐసు తెచ్చేవాళ్ళం. ఒకసారి తొందరలో పెట్టె మారిపోయింది. మేడమ్ గారు మూత తీసి చూస్తే నిండా రొయ్యలు. మా గొట్టాలు ఎవరో పెళ్ళివారింటికి చేరాయి."

సింధూర నవ్వింది. ఆయన నవ్వలేదు. నవ్వితే చెప్పాల్సింది వెనక్కి పోతుందని భయమేసింది.

"ఒక్కో మనిషి రక్తాన్నీ విడిగా చదివే స్తోమత మాకు లేదు. అందుకని ఒక వంశానికి నలభై ఒక్క మంది దగ్గర రక్తం తీసేవాళ్ళం. నలభై ఒక్కటీ ఒకచోట కలిపి ఒకేసారి పరీక్ష. ఆ కలగలుపులో ఏ దోషం ఎంత పాలు ఉందో అదే ఆ వంశం దోషం. విదేశాలవాళ్ళు ఆ పద్ధతి చూసి నవ్వారు. తర్వాత మనలాంటి బీద దేశాలన్నీ అదే నేర్చుకున్నాయి."

"చివరగా చేసిన వంశం పిచ్చుకతిప్పవారిది కదండీ?"

ఆయన బార్లీ నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టారు.

"అమ్మా, నేను చెప్పబోయేది నీ పుస్తకానికి నచ్చకపోవచ్చు. మధ్యలో ఆపకు. ఆపితే మళ్ళీ చెప్పలేను."

చెప్పడం మొదలుపెట్టారు.

అయిదువందల పదకొండు వంశాలు పూర్తయ్యాయి. మార్చి నెలాఖరుకు పన్నెండోది కూడా చేరకపోతే పటం అసంపూర్తి. అసంపూర్తి పటాన్ని ఆమోదించం, పని విదేశీ సంస్థకు అప్పగిస్తాం అని ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. వకుళ గారు పాతికేళ్ళ జశ్వంత్‌ను పిలిచి, "పిచ్చుకతిప్ప నీది నాయనా," అన్నారు. అంతే అన్నారు. అంతకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు.

పిచ్చుకతిప్ప ఉప్పు మళ్ళ ఊరు. ఉత్తర తీరాన మూడు పక్కలా ఉప్పునీళ్ళు, ఒక పక్క సరుగుడు తోట. ఆయన వెళ్ళేసరికి మళ్ళలో ఉప్పు కడుతోంది. ఆ ఊరికి ఒక కట్టడి ఉంది. మడిలో మొదటి పొర తేలింది మొదలు, మొదటి రాశి పోసి అమ్మవారికి పెట్టే దాకా ఊళ్ళో నెత్తుటి చుక్క నేల రాలకూడదు. కోడిని కొయ్యరు, గెడ్డం గీయరు. కాలు తెగినవాడు గాయం మానేదాకా మడిలో దిగడు. రాశి పోసేది వైశాఖంలో. రక్తం కావలసింది మార్చిలో.

ఊరిపెద్ద గంగన్న మంచివాడు. ప్రభుత్వం మనిషిని వట్టి చేతులతో పంపడం ఊరికి చిన్నతనమనుకున్నాడు. రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. సన్యాసమ్మ. ముగ్గురు బిడ్డల్ని కని ముగ్గుర్నీ మూడో నెల రాకుండా పోగొట్టుకుంది. అచ్చిరాని చెయ్యని ఆమెను మళ్ళలో దిగనిచ్చేవారు కాదు. మడిలో దిగని మనిషికి మడి కట్టడి లేదు.

"ఊరి తరపున ఈ మనిషి ఇస్తాది బాబూ," అన్నాడు గంగన్న. "మాయన్నీ మేనరికాలే. ఎవుల్ని కోసినా ఒకటే నెత్తురు. మరింకేటి?"

ఒకటే నెత్తురు. చదువుకున్న జశ్వంత్‌కు ఆ మాట ఎంత సుఖంగా తోచిందో! తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు, శాస్త్రం ప్రకారం కూడా పెద్ద తేడా ఉండదులే అని తనకు తనే చెప్పుకున్నాడు. మునిగేవాడికి గడ్డిపరక దొరికింది.

"తొమ్మిది రోజులు ఆమె వచ్చింది. రోజుకు నాలుగు గొట్టాలు, అయిదు గొట్టాలు. నలభై ఒక్క గొట్టాల మీద నలభై ఒక్క పేర్లు రాశాను. ఆఖరి రోజున అడిగింది, 'నా బిడ్డలు ఏల సచ్చిపోతన్నారో ఇందులో తెలుస్తాదా బాబూ?' అని. తెలుస్తుందమ్మా అన్నాను. నేను ఆ ఊళ్ళో ఆడిన నిజం అదొక్కటే. తెలిసింది. పసిశ్వాస క్షయం, పసిబిడ్డల ఊపిరి నెలల్లోనే ఆగిపోయే జబ్బు. ఆమె రక్తంలో ఉన్న దోషం ఊరందరి పేరు మీదా ఎక్కింది."

ఆయన ఊపిరి తీసుకున్నారు. అరవై ఏళ్ళ బరువు దిగుతుందనుకున్నారు. ఏమీ దిగలేదు.

"పాతికేళ్ళకు సంతాన రక్షణ చట్టం వచ్చింది. మూలపటం చూసి, సొంత బీజంతో పిల్లల్ని కనకూడదని ఒక వంశాన్ని నిషేధించారు. పిచ్చుకతిప్పవారిని. బీజాలయం నుంచి అరువుబీజం తెచ్చి వాళ్ళ కడుపుల్లో పెట్టారు. అప్పటికి వకుళ గారు లేరు. నేను పెద్ద పదవిలో ఉన్నాను. ఒక్క ఉత్తరం ముక్క రాస్తే ఆగేది. రాయలేదు. రాస్తే పటమంతా అబద్ధమంటారు, మేడమ్ పేరు బజారున పడుతుంది, దేశం పరువు పోతుంది అనుకున్నాను. ఇవన్నీ పైకి చెప్పుకున్న కారణాలమ్మా. నాకు భయమేసింది, అంతే. ఇప్పుడైనా సరిదిద్దమని నీ పుస్తకంలో రాయి. ఆ ఊరివాళ్ళు సొంత బిడ్డల్ని కనవచ్చని రాయి."

సింధూర చీర కుచ్చిళ్ళను వేళ్ళతో సర్దుకుంటూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా అంది.

"ఎవరికోసమండీ?"

"అంటే?"

"నాది పిచ్చుకతిప్పే. ఈ పని నేనే అడిగి తీసుకున్నాను. మా ఊరి జబ్బును కనిపెట్టిన మనిషిని చూడాలని." ఆమె గొంతు ఎక్కడా తొణకలేదు. "తిప్పలో నా వయసు వాళ్ళందరిదీ అరువుబీజమే. నాదీ అంతే. చట్టం నాటికి పిల్లలుగా ఉన్నవాళ్ళకు అప్పుడే ఆసుపత్రిలో సొంత బీజం తీసేశారు. తిప్ప బీజం మిగిలినవాళ్ళలో అందరికంటే చిన్నావిడకు యాభై అయిదేళ్ళు. సరిదిద్దితే ఎవరు కంటారు?"

జశ్వంత్ గారు ఇన్నేళ్ళూ తాను చెప్పడమా మానడమా అన్న ఒక్క లెక్కే చూసుకున్నారు కానీ, వినేవాళ్ళు మిగలకుండా పోతారన్న ఆలోచన ఆయనకు ఒక్కనాడూ రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలిన చేతులు ఆయనవి కూడా కావు.

గుమ్మంలో నూకరత్నం నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఇద్దరూ చూడలేదు.

"అమ్మా, నువ్వు బయటే ఉండు," అంది సింధూర.

ఆవిడ వినిపించుకోలేదు. నేరుగా ఆయన కుర్చీ దగ్గరికి వచ్చింది.

"బాబూ, మీ కుడి సెయ్యి ఓపాలి ఇలగియ్యండి."

ఆయన ఇచ్చారు. ఎందుకో ఆయనకు తెలుసు. తాను మింగేసిన ముక్క అదొక్కటే. నూకరత్నం ఆ బొటనవేలిని వెలుతురుకు తిప్పి చూసింది. పాతకాలంలో గొట్టం పగిలి కోసుకున్న మచ్చ ఏటవాలుగా ఇంకా ఉంది.

"ఇదే," అంది.

"ఏమిటమ్మా అది?" అంది సింధూర.

"మా ఊరోళ్ళకి ఏలిముద్రలు పడవే. ఉప్పు తినేస్తాది. మిసను మా ఏళ్ళు సదవలేదనీసి కాయితం మీద సిరా ముద్రలేయమన్నారంట ఆ కాలంలో. సట్టం ఒచ్చినప్పుడు నేను ఆపీసుకెల్లి అడిగినాను. మేవందరం బతికే ఉన్నాం గదా, మాకేటి జబ్బు అని. ఆ ఆపీసరు పుస్తకం తీసి, 'ఇదిగో పదిహేడో నెంబరు, మీయమ్మ సిన్నమ్మి ముద్ర' అనీసి సూపించినాడు. గీతలు గీతలు తేలి ఉన్నాది. అడ్డంగా కోత ఉన్నాది. మాయమ్మ బొటనేలు గవ్వలాగ నున్నగుండీది. ఇది మాయమ్మది కాదు బాబూ అన్నాను. నవ్వినాడు. పటం అబద్దమాడదు, నువ్వే ఆడతన్నావన్నాడు."

"నలభై ఒక్క ముద్రలూ నావే," అన్నారు జశ్వంత్ గారు. గొంతు ఆయనకే వినబడలేదు. "బసకు పోయి వేశాను."

"నాకు తెలుసు బాబూ. ఎవులో ఒక బాబుదని తెలుసు."

సింధూర లేచి నిలబడింది. "నీకు తెలుసా? ఇన్నేళ్ళూ తెలుసా?"

నూకరత్నం కూతురి వైపు చూడలేదు. "అప్పుడికి నాకు అయిదో నెల. సొంతం. సట్టం రాకముందు పడిన కడుపు. ఆపీసుకెల్లి ఒచ్చిన నాలుగో రోజున బండి తెచ్చి ఆసుపత్రికి తీసికెల్లినారు. మగబిడ్డ. నర్సమ్మ మంచిది, సెప్పినాది. మరి రెండేళ్ళకి నిన్ను పెట్టినారు."

వంశదర్శిని మధ్యాహ్నం మందు వేళయిందని గుర్తుచేసి ఊరుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పను? నువ్వు ఈ పని ఒప్పుకున్నానగానే నాకు గుండె జారిపోయినాది. ఈ బాబు ఏటి సెప్పేస్తాడో, ఆపాలనీసి ఒచ్చినాను. గుమ్మంకాడ కూకుని ఇన్నాను. మొదలెట్టగానే లెగిసి లోపలికొచ్చీవలసింది."

"మరి రాలేదేం?"

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను అబద్దమాడలేదని ఒక్క మనిసి నోటంట ఇనాలనిపించినాదే. ముప్పయ్యయిదేళ్ళయినాది. ఆ ఒక్క ముక్కా ఇనీసి లెగుద్దామనుకున్నాను. ఈలోగా అంతా అయిపోయినాది."

ఆమె తనను తిడుతుందని జశ్వంత్ గారు ఎదురుచూశారు. తిడితే బాగుండును. ఆ తల్లీకూతుళ్ళకు ఆయన ఆ గదిలో ఉన్నట్టే లేదు.

సింధూర తల్లి వైపు తిరిగి అడిగింది. "అమ్మా, ఆ బాబు పుట్టి ఉంటే, నేను ఉండేదాన్నా?"

"ఇప్పుడా మాటలెందుకే. నువ్వు నా గుంటవి."

"అది కాదు నేనడిగింది."

నూకరత్నం కూతురిని పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ముప్పై అయిదేళ్ళు నిజం చెప్పిన పాపానికి అబద్ధాలకోరనిపించుకున్న మనిషి. ఒక్క అబద్ధం ఆడితే పోయేది. ఆవిడకు చేతకాలేదు.

"ఉండీదానివి కావు," అంది. "మాకు ఒక్క బిడ్డే సాలనుకున్నాం, మీ అయ్యా నేనూ."

సింధూర తలూపింది. ఎవరో తేదీ చెబితే సరే అన్నట్టు ఊపింది. వంగి, జశ్వంత్ గారి కాలరు నుంచి శ్రుతలేఖిని తీసి సంచిలో వేసుకుంది.

"అమ్మాయ్," అన్నారాయన. "మీ అమ్మ చెప్పిన భాగం తీసేయి. నేను చెప్పింది కూడా కావాలంటే తీసేయి. నేనొప్పుకుంటాను. ఎవరికీ పనికిరానప్పుడు నిజమెందుకు?"

"మీరు నిద్రపోవడానికి పనికొస్తుందని చెప్పారు కదండీ. అమ్మ తన మాట నిలబడడానికి విన్నది. ఇక నా వంతు," అంది సింధూర. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది. "గ్రంథం వచ్చే నెల అచ్చవుతుంది. తిప్పలో నాలాంటివాళ్ళు నూట ఆరుగురు ఉన్నారు. అచ్చులో చూసి తెలుసుకోకూడదు. రేపు వెళ్ళి ఇంటింటికీ నేనే చెబుతాను."

"ఒద్దే తల్లీ!" నూకరత్నం తలుపుకు అడ్డంగా వెళ్ళింది. "పెతీ ఇంట్లోనూ నువ్వు అడిగిందే అడుగుతారు. ఆ తల్లులేటి సెప్తారు?"

"నీలాగ నిజమే చెబుతారేమో. కొందరు అబద్ధం చెబుతారేమో. ఏది చెప్పినా పిల్లలకు అనుమానం పోదు, నాకు తెలుసు. అయినా చెప్పాలి."

ఆమె తల్లి పక్కనుంచి తప్పుకుని వరండాలోకి వెళ్ళింది. నూకరత్నం వెనక్కి తిరిగి జశ్వంత్ గారి వైపు చూసింది. "బాబూ, మీరు పెద్దోరు. దాన్ని ఆపండి. ఒక్క మాట సెప్పండి."

ఆయన లేవబోయారు. ఏం మాట చెప్పాలో తెలియక కుర్చీ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డారు. వరండా చివర లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు వినబడ్డాయి. సింధూర తల్లి కోసం ఆగలేదు.

నూకరత్నం కాసేపు మూసుకున్న లిఫ్టు వైపు చూసి, ఆరు అంతస్తులూ మెట్ల మీదుగానే దిగి వెళ్ళింది.